లార్జ్ అంటే లాడ్జి వినబడే పెదనాన్న

మా పెదనాన్నకి చెవుడు. మామూలు చెవుడు ఉన్నవాళ్ళకి మనం చెప్పింది వినబడదు, అంతే. మా పెదనాన్నకి మనం చెప్పనిది వినబడుతుంది. లార్జ్ అంటే లాడ్జి అని, సాస్ అంటే శ్వాస అని, కాంబో అంటే కంబళి అని వినబడుతుంది. ఇంట్లో కూర్చున్న మనిషికి ఇలాంటి చెవుడు ఉంటే చుట్టుపక్కల వాళ్ళకి కాలక్షేపం. కానీ ఆయన పని చేసేది విదేశీ కంపెనీ వాళ్ళ బర్గర్ల షాపులో, అదీ ఆర్డర్లు తీసుకునే కౌంటర్లో. ఆ షాపుకి షిఫ్టు మేనేజర్ని నేను. ఆయన్ని ఆ ఉద్యోగంలో పెట్టించిందీ నేనే. కాబట్టి చెవుడు ఆయనది, గుండెదడ నాది.

మా షాపు అద్దాల తలుపు మీద పసుప్పచ్చ ఏనుగు బొమ్మ ఉంటుంది. ఆ ఏనుగు తొండంతో బర్గర్ పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. కంపెనీ పేరు ఎవరికీ నోరు తిరగదు గనక అందరూ దాన్ని ఏనుగు షాపు అంటారు. సరిగ్గా ఎదురుగా హైస్కూలు. సాయంత్రం బడి గంట కొట్టగానే గేటులోంచి పిల్లలు రోడ్డు దాటి నేరుగా మా అద్దాల తలుపు మీదికే వస్తారు. ఇళ్ళకి దారి అటువైపున్న పిల్లలు కూడా ముందు ఇటే వస్తారు.

ఈ ఏనుగు రాకముందు ఆ గదుల్లో మా పెదనాన్న టైలరు షాపు ఉండేది. ఆ హైస్కూలు యూనిఫాంలన్నీ ఆయన కత్తెర కింద నుంచి వెళ్ళినవే. తర్వాత బడివాళ్ళు రెడీమేడ్ యూనిఫాంలు తెప్పించారు, నడుముకి ఎలాస్టిక్ ఉన్నవి. అప్పటి నుంచీ ఆయనకి ఎలాస్టిక్ అంటే భయం పట్టుకుంది.

“ఎలాస్టిక్ చాలా ప్రమాదం తల్లీ,” అనేవారు నాతో. “ఇదివరకు పిల్లాడు ఒళ్ళు చేస్తే గుండీ ఊడేది. గుండీ ఊడితే వాళ్ళమ్మ చూసేది. ఇప్పుడు పిల్లాడు ఎంత పెరిగితే నడుం పట్టీ అంత సాగుతుంది. ఇంట్లో ఎవరికీ తెలీదు.”

బేరం పోయిన బాధలో అంటున్నారులే అని మేము నవ్వేవాళ్ళం. షాపు మూతపడింది. బిల్డింగు ఓనరు ఆ గదుల్ని కంపెనీకి ఇచ్చాడు. పెదనాన్న ఇంట్లో కూర్చుని కర్టెన్లకి అంచులు కుట్టడం, కుట్టినవి విప్పి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టారు. మా పెద్దమ్మ ఆ వరస చూసి బెంగ పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే కంపెనీవాళ్ళు, మా దగ్గర పెద్దవయసు వాళ్ళకి కూడా ఉద్యోగాలు ఇస్తాం అని గొప్పగా ప్రకటించుకున్నారు. పోస్టరు మీద వేసుకోవడానికి వాళ్ళకొక నెరిసిన జుట్టు కావాలి. మా ఇంట్లో ఒకటి ఖాళీగా ఉంది. నేను పెదనాన్న పేరు ఇచ్చాను.

చేరిన రోజునే ఆయన తన టోపీ వదులుగా ఉందని వెనక టాకా వేసుకున్నారు. ఆ వారంలోనే మా సిబ్బంది అందరి ఏప్రన్లూ ఒంటికి అతికినట్టు సరిపోయాయి. కౌంటర్ పని కూడా చక్కగా పట్టుబడింది. మా కంపెనీ రూలు ప్రకారం, వచ్చినవాళ్ళు ఏం అడిగారో గట్టిగా, హాలంతా వినబడేలా తిరిగి చదవాలి. చదివాక నవ్వుతూ “పెద్ద సైజు చేయమంటారా?” అని అడగాలి. పెదనాన్న పాఠం అప్పజెప్పే పిల్లాడిలా, తప్పు పోతుందేమోనని కంగారు పడుతూనే అన్నీ చెప్పేవారు. హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం ఆయన చెవులు ఉన్నట్టుండి మొరాయించాయి.

కౌంటర్ ముందు ఒక పదో తరగతి అమ్మాయి నిలబడి ఉంది. కొంచెం భారీ మనిషి. భుజాలు లోపలికి ముడుచుకుని, ఉన్నదానికంటే చిన్నగా కనబడాలని చూస్తున్నట్టు నిలబడేది. మామూలుగా డబుల్ బర్గర్ తీసుకుంటుంది గనక బడిలో పిల్లలందరూ ఆ పిల్లని “డబుల్” అనే పిలుస్తారని మా క్యాషియర్ అమ్మాయి నాకు చెప్పింది. నేను లోపల బంగాళాదుంపలు వేయించే ఫ్రయర్ దగ్గర ఉన్నాను. పెదనాన్న గొంతు హాలంతా మోగింది.

“లాడ్జా? ఇక్కడ లాడ్జీలు లేవమ్మా! బస్టాండు వెనక ఉన్నాయి. ఒక్కదానివే వచ్చావా, ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారా?”

ఇక నవ్వులే నవ్వులు. బల్లల మీద కొట్టి మరీ నవ్వారు. నేను పరుగెత్తుకుంటూ వచ్చాను.

“పెదనాన్నా, లార్జ్! లార్జ్ ఫ్రైస్ అడుగుతోంది!”

“అదేగా నేను చెప్పేది. ఇక్కడ గదులు అద్దెకివ్వరని.”

చివరికి ఆయన ఆ అమ్మాయికి ఒక చిన్న బర్గరు, ఒక మంచినీళ్ళ సీసా ట్రేలో పెట్టి, వాటికే బిల్లు కొట్టి ఇచ్చారు. ఆ అమ్మాయి ట్రే తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి మా షాపులో ప్రశాంతత అన్నది లేదు.

“తాతయ్యా, మయో ఎక్స్‌ట్రా!”

“మావయ్యా? నేను నీకు మావయ్యనెలా అవుతాను బాబూ? మీ అమ్మది ఏ ఊరు?”

“కాంబో కావాలండీ, కాంబో!”

“ఈ ఉక్కలో కంబళి ఎందుకు? జ్వరమా?”

“సాస్! సాస్!”

“శ్వాస ఆడట్లేదా? అయ్యయ్యో, కూర్చో నాయనా, కూర్చో. ఎవరక్కడ, ఫ్యాను ఇటు తిప్పండి!”

అలా ఫ్యాను తిప్పించేలోపు ఆ కుర్రాడు ఏం అడగడానికి వచ్చాడో మరిచిపోయేవాడు. ఎవరు ఎంత పెద్దది అడిగినా ట్రేలోకి వచ్చేది మాత్రం చిన్నదే. గొడవ పెట్టుకోవలసిన పిల్లలు గొడవ పెట్టుకోకపోగా, ఇవాళ తాతయ్యకి ఏం వినబడుతుందో చూద్దాం అని ఆయన లైన్లోనే నిలబడేవాళ్ళు. పక్క కౌంటర్లో క్యాషియర్ అమ్మాయి గోళ్ళు చూసుకుంటూ కూర్చునేది. ఆ భారీ అమ్మాయి కూడా రోజూ ఆయన లైన్లోనే.

నాకు మాత్రం నిద్ర దూరమైంది. షాపు వెనక గదిలో, కాఫీ మరకల గోడ మీద ఒక బోర్డు ఉంటుంది. సగటున ఒక్కొక్కరు ఎంత తింటున్నారో అందులో గీత గీస్తారు. ఆ గీత పైకి పోతే మా ఉద్యోగాలు పైకి, కిందికి వస్తే కిందికి. పెదనాన్న చెవులు పాడైనప్పటి నుంచీ ఆ గీత జారుడుబల్ల ఎక్కింది. ఏరియా మేనేజరుగారి దగ్గర నుంచి ఫోన్ వస్తే చాలు, లేచి నిలబడి మాట్లాడేదాన్ని.

“మేడం, మీ బ్రాంచిలో జనం డైటింగ్ చేస్తున్నారా?”

“లేదు సార్. వానలు సార్.”

“వానలకి ఆకలి పెరగాలి కదా మేడం?”

పెదనాన్నని కౌంటర్ నుంచి తప్పించి కూల్‌డ్రింకుల మెషీన్ దగ్గర పెట్టాను. గ్లాసు అంచు దాకా ఐసు నింపి, మీద డ్రింకు చిలకరించి ఇచ్చేవారు. అక్కడి నుంచి బల్లలు తుడిచే పనికి మార్చాను. సగం తిన్న ట్రేలు ఎత్తుకుపోవడం మొదలుపెట్టారు.

“తాతయ్యా, నాదింకా అవలేదు!”

“అయిపోయిందన్నావుగా?”

“అవలేదన్నాను!”

“అదేలే, అయిపోయిందనేగా!”

మళ్ళీ కౌంటరే నయం అనిపించి అక్కడికే చేర్చాను.

ఇంట్లో పెద్దమ్మ అవస్థ ఇంకోలా ఉంది. ఆమెది సహజంగా మెల్లని గొంతు. ఆయనతో మాట్లాడాలంటే అరవాలి. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. వాళ్ళింట్లో పంచదార అయిపోయినా, పెదనాన్నకి మలబద్ధకం చేసినా ఆ అపార్ట్‌మెంటులో పై అంతస్తు దాకా తెలిసిపోయేది. ఎదురింటావిడ లిఫ్టులో కనబడి, “మీవారికి ఇవాళ కడుపు ఫ్రీ అయిందా?” అని పలకరించిందని పెద్దమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

“నవ్వకే,” అంది. “నాకు భయంగా ఉంది. అంత హఠాత్తుగా చెవుడు రావడమేమిటి? తలలో ఏదైనా పెరుగుతోందేమో. మొన్న పేపర్లో చదివాను. డాక్టరు దగ్గరికి రమ్మంటే ‘ఫ్యాక్టరీకా? ఈ వయసులో నేనేం చేస్తానక్కడ?’ అంటారు.”

ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది. అప్పటి దాకా నా ఉద్యోగం గురించే భయపడ్డాను. ఆ రోజు నుంచి ఆయన తల గురించి కూడా భయపడడం మొదలుపెట్టాను. ఆయన కౌంటర్లో నిలబడి చెమట తుడుచుకుంటే భయం. టోపీ సర్దుకుంటే భయం. ఊరికే తలుపు వైపు చూస్తూ నిలబడితే మరీ భయం.

నిజంగానే ఆయన ఆ మధ్య తలుపు వైపు తెగ చూస్తున్నారు. బడి గంట కొట్టిన దగ్గర నుంచీ చూపు అద్దాల మీదే. లాడ్జీలు, కంబళ్ళు తగ్గిపోయాయి. ఎవరైనా లార్జ్ అడిగితే పరధ్యానంగా లార్జే ఇచ్చేస్తున్నారు. ఆ భారీ అమ్మాయి కొన్నాళ్ళుగా షాపుకి రావడం లేదని నేను గమనించాను కానీ, ఆ రెంటినీ కలిపి ఆలోచించే తీరిక నాకు లేకపోయింది.

ఎందుకంటే సరిగ్గా ఆ వారమే ఏరియా మేనేజరుగారు దిగారు. చెప్పకుండా, మామూలు మనిషిలా, లైన్లో నిలబడ్డారు. ఆయన మంచి బరువైన మనిషి. వీధిలోంచి మా షాపుకి ఉన్న నాలుగు మెట్లూ ఎక్కి, రెయిలింగు పట్టుకుని ఊపిరి పీల్చుకుని, అప్పుడు తలుపు తోసేవారు. నేను ఆయన్ని చూసేసరికి ఆయన అప్పటికే కౌంటర్ ముందు ఉన్నారు.

“ఒక పెద్ద బకెట్ చికెన్,” అన్నారు.

పెదనాన్న ఆయన వంక ఎగాదిగా చూశారు. లోపలికి వెళ్ళి, నేల తుడిచే బకెట్టు, అందులో ఉన్న సబ్బునీళ్ళతో సహా తెచ్చి, కౌంటర్ మీద పెట్టారు.

“కర్ర కూడా కావాలాండీ?” అన్నారు.

హాలు పగలబడి నవ్వింది. ఏరియా మేనేజరుగారి ముఖం ఎర్రబడింది. నన్ను వెనక గదిలోకి పిలిచి, అట్టపెట్టెల మధ్య నిలబెట్టి, “చెవుల డాక్టరు దగ్గర పరీక్ష చేయించి రిపోర్టు తీసుకురండి. వినబడుతుందని రాస్తే ఉంచుదాం. లేకపోతే మీ పెదనాన్నగారు ఇంటికి. తర్వాత మీ గురించి మాట్లాడదాం,” అన్నారు.

మర్నాడు పొద్దున నేనూ పెద్దమ్మా చెరో వైపు పట్టుకుని పెదనాన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చెవుల డాక్టరు గది ముందు వరండాలో ఇనుప కమ్మీకి బిగించిన కుర్చీలు ఉన్నాయి. ఒక కుర్చీ ఊగుతోంది. పెద్దమ్మ దాని మీద కూర్చుని, చేతిసంచి గుండెకి హత్తుకుని, లోలోపల ఏదో మొక్కుకుంటోంది. మధ్యమధ్య ఆయన చెవిలో అరుస్తోంది.

“టోకెన్ పిలుస్తారు! వినబడుతోందా? టోకెన్!”

“టొమాటోలా? ఇక్కడెందుకే, ఇంటికెళ్తూ కొందాం.”

వరండాలో అందరూ తిరిగి చూశారు. పెద్దమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వరండా ఆ చివర, మందుల బల్ల దగ్గర ఇద్దరు నర్సులు దూది చుడుతూ మెల్లగా మాట్లాడుకుంటున్నారు. నేను చెవులు రిక్కించి వింటే తప్ప మాట అందడం లేదు.

“పై వార్డులో పాపని చూశావా? పదో తరగతట. బడి మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయిందట. షుగరు ఎంతుందో తెలుసా, మా అత్తగారికి కూడా అంత లేదు.”

“ఈ వయసులోనా?”

“సాయంత్రమైతే ఆ బర్గర్లు, ఆ తియ్యనీళ్ళు. ఇంకేముంది.”

నా పక్కన కుర్చీ కిర్రుమంది. పెదనాన్న లేచారు. కాళ్ళకి చెప్పులు కూడా వేసుకోకుండా గబగబా ఆ చివరికి వెళ్ళిపోయారు.

“ఏ పాపమ్మా? ఏ బడి? రెండు జడలకీ నీలం రిబ్బన్లా? ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉందా?”

నర్సులు బెదిరిపోయారు. “లేదండీ, ఆ పాపది కత్తిరించిన జుట్టు. వంతెన అవతల బడి అట. మీ మనవరాలా?”

“అమ్మయ్య,” అంటూ పెదనాన్న బల్ల పట్టుకుని నిలబడ్డారు. మరుక్షణమే ముఖం చిన్నబుచ్చుకున్నారు. “అమ్మయ్య ఏమిటి, నా మొహం. ఆ పాపకి మాత్రం అమ్మా నాన్నా ఉండరూ. ఎలా ఉందమ్మా ఇప్పుడు? లేచి కూర్చుందా?”

“కూర్చుందండీ. బాగానే ఉంది.”

ఆయన తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. పెద్దమ్మ గాలి కూడా కదలనంత మెల్లగా, “ఏమండీ,” అంది.

“ఊ,” అన్నారు ఆయన.

“నేనిప్పుడు ఎంత మెల్లగా పిలిచాను?”

పెదనాన్న నెమ్మదిగా మా వైపు తిరిగారు. దొరికిపోయిన ముఖం.

“అంటే ఇన్నాళ్ళూ మీకు వినబడుతూనే ఉందా?”

“కోప్పడకే. షాపులో చెవుడు ఉండి ఇంట్లో లేకపోతే ఎవరైనా పట్టేస్తారు. అందుకని రెండు చోట్లా ఉంచాను.”

పెద్దమ్మ ఒక్కసారి నిటారుగా కూర్చుంది. వినబడదన్న ధైర్యంతో ఆమె ఇన్నాళ్ళూ ఆయన పక్కనే నిలబడి ఏమేమి గొణుక్కుందో అన్నీ ఒకేసారి గుర్తొచ్చినట్టున్నాయి.

“అయితే మీ అమ్మగారి గురించి నేనన్నది...”

“విన్నాను.”

“మీ గురక గురించి?”

“విన్నాను. చాలాసార్లు.”

“మీ తమ్ముడి గురించి?”

“అది నిజమేగా. అందుకే ఊరుకున్నాను.”

“మా నాన్న గురించి ఏమన్నావు పెద్దమ్మా?” అన్నాను నేను.

“నువ్వుండవే!” అంది పెద్దమ్మ. ఏడవాలో తిట్టాలో తెలియక, ఆయన తలని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. “తలలో ఏమీ లేదన్నమాట! దేవుడా, ఈయన తలలో ఏమీ లేదు!” అని పైకే అనేసింది. వరండాలో అందరూ మళ్ళీ తిరిగి చూశారు.

“ఎందుకు పెదనాన్నా ఈ నాటకం?” అన్నాను. “నా ప్రాణం తోడేశారు కదా.”

ఆయన తన చేతుల వంక చూసుకున్నారు. సూది గుచ్చుకుని గుచ్చుకుని మొద్దుబారిన వేళ్ళు.

“ఆ పిల్ల ఒకరోజు వచ్చింది తల్లీ,” అన్నారు. “రెండు డబుల్ చీజ్ బర్గర్లు, పెద్ద ఫ్రైస్ అడిగింది. నువ్వు నేర్పిన రూలే కదా, హాలంతా వినబడేట్టు నేను తిరిగి చదివాను. వెనకాల మగపిల్లలు అందుకున్నారు. ‘రెండేనా? డబుల్‌కి అది సరిపోతుందా?’ అని. అందరూ నవ్వారు. ఆ పిల్ల ముఖం చూశాను. తినడానికి వచ్చిన ముఖం కాదది, పారిపోవడానికి దారి వెతుక్కునే ముఖం. నేను గట్టిగా చదవబట్టేగా? నా జన్మలో ఏ పిల్ల నడుం కొలతా నేను పైకి చెప్పలేదు. టేపు చూసుకుని మనసులో పెట్టుకునేవాణ్ణి. పక్కన నిలబడ్డవాడికి వినబడితే ఆ పిల్లలకి ఎలా ఉంటుంది?”

“మరి లాడ్జి?”

“మర్నాడు మళ్ళీ వచ్చింది. వెనకాల ఆ కుర్రాళ్ళు నవ్వడానికి తయారుగా నిలబడ్డారు. ఆ పిల్ల ‘లార్జ్’ అనడం, నా నోట్లోంచి ‘లాడ్జి’ అని రావడం ఒకటే అయింది. ఎలా వచ్చిందో నాకూ తెలీదు. అందరూ నన్ను చూసి నవ్వారు. ఆ పిల్ల వంక చూశాను, తను కూడా నవ్వుతోంది. ఇదేదో బాగుందే అనుకున్నాను.”

“చిన్న బర్గర్లు ఇవ్వడం?”

“చెవిటివాణ్ణి కదా, చిన్నదే వినబడేది. చిన్నది తిని వెళ్తే ఆ పూటకి అది చాలు అనుకునేవాణ్ణి. లావు తగ్గు తల్లీ అని చెప్పడానికి నేనెవర్ని? పొద్దున లేచిన దగ్గర నుంచీ ఇంట్లో, బళ్ళో అందరూ చెప్పేది అదే కదా. తినేచోట కూడా అదేనా? ఇప్పుడు చూస్తే ఆ పిల్ల రావడమే మానేసింది. ఏమైందో తెలీదు.”

పెద్దమ్మ తన చేతిసంచిలోంచి రుమాలు తీసి ఆయనకిచ్చింది. “మీ గురక మాత్రం నిజంగా భరించలేనిదే,” అంది మెల్లగా.

డాక్టరుగారు అన్ని పరీక్షలూ చేసి, ఈ వయసులో ఇంత శుభ్రమైన చెవులు నేను చూడలేదని మెచ్చుకుని మరీ రాసిచ్చారు. చెవుడు లేదన్న కాగితం చూసి గడగడలాడిన కుటుంబం మాదొక్కటే అయి ఉంటుంది. చెవుడు ఉంటే ఒక్క పెదనాన్న ఉద్యోగమే పోయేది. చెవుడు లేదంటే ఇన్నాళ్ళూ కావాలనే కంపెనీని ఏడిపించినట్టు. అప్పుడు నాదీ పోతుంది.

సాయంత్రం షాపు వెనక గదిలో ఏరియా మేనేజరుగారు ఆ కాగితం రెండుసార్లు చదివారు.

“అంటే మీకు అన్నీ వినబడతాయా?”

“వినబడతాయండీ,” అన్నారు పెదనాన్న, టోపీ చేత్తో పట్టుకుని.

“మరి నా బకెట్?”

“అదీ వినబడింది.”

“మరి తుడిచే బకెట్టు ఎందుకు తెచ్చారు?”

“మీరు నాలుగు మెట్లు ఎక్కేసరికి ఆయాసం వచ్చిందండీ. ముందు అది వినబడింది.”

నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. అయిపోయింది, కొత్త ఉద్యోగానికి ఎక్కడెక్కడ తిరగాలో అని ఆలోచిస్తుండగా తలుపు తోసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. ముఖం నిండా కంగారు.

“ఇక్కడ చెవిటాయన ఎవరండీ?”

ముగ్గురం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం. “ఆయనే,” అన్నాను పెదనాన్నని చూపిస్తూ. ఆ పరిస్థితిలో అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు.

“మీ చెవుడు అంటుకుంటుందాండీ?” అంది ఆవిడ. “మా అమ్మాయికి అంటుకున్నట్టుంది. రోజూ ఇక్కడే మీ లైన్లోనే నిలబడేది. ఇప్పుడు బడిలో పిల్లలు పిలిస్తే దానికి వినబడటం లేదు. నిన్న నా ముందే గేటు దగ్గర ఎవడో ‘ఒసేయ్ డబుల్’ అన్నాడు. ఇది చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ‘బబుల్‌గమ్మా? నా దగ్గర లేదు, కొట్లో అడుగు’ అంది. వాడు బిత్తరపోయి వెళ్ళిపోయాడు. మంచిదే కానీ, చెవులకి ఏమైనా అయిందేమోనని భయంగా ఉంది. అసలే ఒక భయం చాలదన్నట్టు.”

“ఎలా ఉందమ్మా పాప?” అన్నారు పెదనాన్న ఒక్క అంగలో ముందుకు వచ్చి. “నీలం రిబ్బన్ల పాపేనా? ఏమైంది? ఎందుకు రావడం లేదు?”

“బడిలో డాక్టర్లు వచ్చి చూశారండీ. షుగరు వచ్చేట్టు ఉందన్నారు, ఇంకా రాలేదట. ఇప్పుడే జాగ్రత్త పడితే రాకపోవచ్చన్నారు. అప్పటి నుంచీ ఇక్కడికి రానివ్వడం లేదు.” ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. “నేను ఉద్యోగం నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఇక్కడ తిని వస్తే, పోనీలే ఆకలితో లేదు కదా అనుకునేదాన్ని. అడిగితే అంటుందీ, ‘అమ్మా, నాకు బర్గర్ మీద బెంగ లేదు. ఆ తాతయ్య లైన్లో నిలబడితే ఎవరూ నన్ను చూడరు. అందరూ ఆయన్నే చూస్తారు’ అని.”

ఏరియా మేనేజరుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకోబోతే, చొక్కా గుండీ ఒకటి పట్టు కోల్పోయి టక్కున ఊడి నేల మీద పడింది. పెదనాన్న వంగి దాన్ని తీసి, ఏప్రన్ అంచున ఎప్పుడూ గుచ్చి ఉంచుకునే సూదీ దారంతో, ఆయన నిలబడి ఉండగానే కుట్టేశారు. కుట్టి, పక్కల పట్టీ వేళ్ళతో తడిమి చూశారు.

“లోపల గుడ్డ వదిలే ఉందండీ. పక్కలు విప్పి కుడితే హాయిగా ఉంటుంది.”

“మా బ్రాంచిలన్నిట్లో ఇదే గొడవ,” అన్నారు ఏరియా మేనేజరుగారు నిట్టూర్చి. “సిబ్బందికి ఒక పూట ఉచిత భోజనం కదా. ఎవరి యూనిఫాములూ ఎవరికీ పట్టడం లేదు. కౌంటర్లో మాత్రం వద్దు పెద్దాయనా. కంపెనీ ఊరుకోదు. కుట్టుపని చేస్తానంటే చెప్పండి.”

అలా మా పెదనాన్నకి మళ్ళీ కుట్టుమిషను వచ్చింది. మెట్ల పక్కన సామాన్లు పడేసే చిన్న గది ఖాళీ చేసి అందులో వేశాం. కంపెనీ వాళ్ళ చొక్కాలన్నీ విప్పి వదులు చేస్తూ ఉంటారు. సాయంత్రమైతే బడిపిల్లలు కూడా చేరతారు. మా షిఫ్టులో ఆర్డర్లు గట్టిగా చదవడం నేను మానిపించాను. పిల్లలు మెనూలో బొమ్మ మీద వేలు పెట్టి చూపిస్తారు, మేము తల ఊపుతాం. ఈ సంగతి కంపెనీకి తెలీదు. తెలిసి ఫోన్ చేస్తే నాకూ వినబడదు.

అయినా దడ పూర్తిగా పోలేదు. గంట కొట్టగానే పిల్లలు అలాగే రోడ్డు దాటి వస్తారు. వాళ్ళలో మెట్లెక్కి ఆయాసపడేవాళ్ళని చూస్తే ఇదివరకు నాకు ఏమీ అనిపించేది కాదు. ఇప్పుడు ప్రతి ఒక్కళ్ళనీ చూస్తున్నాను. చిన్నది చాలదా అని మనసులో అనుకుని, నాలుక కరుచుకుంటున్నాను.

మొన్న ఆ అమ్మాయి వచ్చింది. షాపులోకి కాదు, పెదనాన్న గదికి. యూనిఫాం స్కర్టుకి ఎలాస్టిక్ తీయించి, హుక్కు పెట్టించాలట. నేను అక్కడే ఒక ఏప్రన్ కోసం నిలబడి ఉన్నాను. పెదనాన్న టేపు చుట్టి చూసుకుని, తీసి మెడలో వేసుకున్నారు.

“తగ్గానా తాతయ్యా?” అంది. గొంతులో భయం. “వచ్చే వారం మళ్ళీ రక్తం పరీక్ష. అమ్మ రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు.”

“నేను టైలర్ని తల్లీ, మార్కులు వేసేవాణ్ణి కాను.”

“తగ్గకపోతే?”

“తగ్గకపోతే గుడ్డ ఉంది, పక్కలు వదులుతాను. తగ్గితే పక్కలు పడతాను. రెండింటికీ కుట్టేది ఈ దారంతోనే. పరీక్ష సంగతి డాక్టరుగారు చూసుకుంటారు, చెప్పినట్టు చేస్తున్నావుగా?”

“చేస్తున్నాను. పొద్దున్నే గ్రౌండులో పరిగెడుతున్నాను కూడా. అందరికంటే ఆఖర్న వస్తున్నాను.” ఆ అమ్మాయి స్కర్టు బల్ల మీద పరిచి, కుట్టు ఎక్కడ రావాలో వేలితో చూపించింది. “పరిగెత్తేటప్పుడు బిగుసుకోకుండా కుట్టండి తాతయ్యా. ఈసారి ఆఖర్నుంచి రెండోదాన్ని రావాలి.”

పెదనాన్న కళ్ళజోడు పైకి తోసుకుని సూదిలోకి దారం ఎక్కించారు.

“అలాగే. అప్పుడు ఆఖర్న వచ్చేది ఎవరో, వాళ్ళనీ ఒకసారి నా దగ్గరికి పంపించమ్మా,” అన్నారు. “ఎక్కడ బిగుసుకుంటోందో చూద్దాం.”